పని ఎక్కడ ఆగుతోంది? మానసిక జబ్బు ఉన్న ఉద్యోగికి ఆఫీసు చేయాల్సిన సర్దుబాట్లు

పదేళ్లు దాటింది. హైదరాబాద్‌లో ఒక ఆఫీసులో నేను టీమ్ లీడ్‌గా ఉన్న రోజులు. మా టీమ్‌లో ఒకబ్బాయి బండి మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. అందరం పళ్లు పట్టుకుని ఇంటికి వెళ్లి పలకరించాం. ఆరు వారాలు ఇంటి నుంచే పని చేస్తానంటే మేనేజర్ మారు మాట్లాడకుండా సరే అన్నాడు. ఇంచుమించు అదే సమయంలో టీమ్‌లో ఇంకో అమ్మాయి ఆలస్యంగా రావడం మొదలుపెట్టింది. తొమ్మిదిన్నరకి ఉండాల్సిన మనిషి పదింబావుకి వచ్చేది. వచ్చాక కూడా కాసేపు మబ్బుగా కూర్చునేది. రెండుసార్లు మాటతో చెప్పాను. మూడోసారి హెచ్ఆర్‌ని కాపీలో పెట్టి హెచ్చరిక మెయిల్ పంపాను. రెండు నెలలకి ఆమె ఉద్యోగం మానేసింది. వెళ్లే రోజు చెప్పింది, డిప్రెషన్‌కి మందులు వాడుతున్నానని, రాత్రి వేసుకునే మాత్ర మత్తు పొద్దున పదింటి దాకా దిగదని.

మా క్లయింట్ కాల్స్ అన్నీ సాయంత్రమే. ఆమె లాగిన్‌ని ముప్పావుగంట వెనక్కి జరిపితే ఎవరికీ ఏమీ తేడా పడేది కాదు. ఆ మాట ఆమె అడగలేకపోయింది, నాకు తోచలేదు. ఆ మెయిల్ పంపింది నేనే. అప్పటినుంచి ఈ విషయం గురించి దొరికిందల్లా చదువుతూ వచ్చాను.

చట్టం భాషలో దీన్ని సహేతుకమైన సర్దుబాటు అంటారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం చెప్పేది, మామూలు మాటల్లో పెడితే, ఇది: వైకల్యం ఉన్న మనిషి మిగతావాళ్లతో సమానంగా తన హక్కు అనుభవించడానికి అవసరమైన మార్పులు చేయాలి, అయితే ఆ మార్పు ఎదుటివాళ్ల మీద మోయలేని భారం కాకూడదు. చక్రాల కుర్చీకి ర్యాంప్ కట్టడం దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ. మానసిక జబ్బు దగ్గరికి వచ్చేసరికి ర్యాంప్ ఎక్కడ కట్టాలో కంటికి కనపడదు. అసలు చిక్కు అక్కడే ఉంది.

ముందు ఒక గందరగోళం తీరాలి. టెన్షన్ అందరికీ ఉంటుంది. రిలీజ్ దగ్గర పడ్డప్పుడు నిద్ర పట్టనివాళ్లు టీమ్ నిండా ఉంటారు. అది జబ్బు కాదు. ఆలోచన, మూడ్, గ్రహణం, జ్ఞాపకం లాంటివి రోజువారీ జీవితం అడిగే మామూలు పనులు కూడా చేసుకోలేనంతగా దెబ్బతిన్నప్పుడు దాన్ని మానసిక అనారోగ్యంగా ఆ చట్టం లెక్కలోకి తీసుకుంటుంది. టీమ్ మొత్తం నలిగిపోతుంటే పని పంపకంలో తప్పుంది, దాన్ని సరిచేయాలి. ఒక మనిషికి జబ్బు ఉంటే ఆ మనిషికి తగిన మార్పు చేయాలి. ఈ రెంటినీ కలిపేసి, ఏటా అక్టోబర్ 10న మానసిక ఆరోగ్య దినం రోజు ఒక ధ్యానం క్లాసు పెట్టి ఊరుకునే సంస్థలు ఉన్నాయి. ధ్యానం మంచిదే. కానీ బైపోలార్ (మూడ్ ఒకసారి అతి ఉత్సాహంలోకి, ఒకసారి కుంగుబాటులోకి ఊగే జబ్బు) ఉన్న ఉద్యోగి నైట్ షిఫ్ట్ తీసేయమని అడిగినప్పుడు ఇవ్వాల్సిన జవాబు అది కాదు.

ఇలాంటివాళ్లు ఎక్కడో ఒకరు ఉంటారని అనుకోవద్దు. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ సర్వేలో పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఆ సమయానికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. జబ్బుని బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదు. ఈ లెక్కని తెచ్చి ఒక ఆఫీసుకి అచ్చంగా అతికించలేం. కానీ వంద మంది కూర్చునే ఫ్లోర్‌లో ఒక్కరు కూడా లేరని అనుకునే మేనేజర్ పొరబడుతున్నట్టే.

సర్దుబాటు గురించి ఆలోచించేటప్పుడు చాలామంది జబ్బు పేరుతో మొదలుపెడతారు. డిప్రెషన్‌కి ఏం చేయాలి, ఓసీడీకి (అనుమానం వదలక చేసిందే మళ్లీ మళ్లీ చేయించే జబ్బు) ఏం చేయాలి అని. దాంతో ఎక్కడికీ చేరం, ఎందుకంటే ఒకే జబ్బు ఇద్దరిని ఒకేలా పట్టుకోదు. పనికొచ్చే ప్రశ్న వేరే ఉంది: రోజులో ఏ గంటలో, ఏ పని దగ్గర, ఏం జరిగి ఈ మనిషి ఆగిపోతున్నాడు?

కొన్నిసార్లు ఆపేది జబ్బు కూడా కాదు, మందు. పైన చెప్పిన పొద్దుటి మత్తు అలాంటిదే. బైపోలార్‌కి ఇచ్చే లిథియం అనే మందు వాడేవాళ్లకి దాహం ఎక్కువ, బాత్రూమ్‌కి ఎక్కువసార్లు వెళ్లాలి, కొందరికి చేతులు సన్నగా వణుకుతాయి, రక్తపరీక్షలు క్రమం తప్పకుండా చేయించుకోవాలి. నిమిషాల లెక్కన బ్రేక్ కొలిచే కాల్ సెంటర్‌లో ఈ మనిషి రోజూ తప్పు చేసినవాడిలా కనపడతాడు. ఆ ఒక్క లాగిన్‌కి బ్రేక్ లెక్క సడలిస్తే సరిపోతుంది. స్కిజోఫ్రీనియా (లేని మాటలు వినపడటం, లేనిది ఉందని గట్టిగా నమ్మడం లాంటివి ఉండే జబ్బు) ఉన్న కొందరు మాత్రలకి బదులు రెండు వారాలకో నెలకో ఒకసారి ఇంజెక్షన్ వేయించుకుంటారు. ఆ రోజుకి ఒక పూట లీవ్, ఎందుకని ఎవరూ అడగకుండా దొరికితే చాలు. ఆ పూట తప్పితే మందు తప్పుతుంది. మందు తప్పితే పోయేది ఒక పూట కాదు, నెలలు.

నిద్ర గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో సగం జీవితం అమెరికా గడియారం మీద నడుస్తుంది. బైపోలార్ జబ్బులో నిద్ర చెదిరితే మానియా, అంటే అదుపు తప్పిన ఉత్సాహం, తిరగబెట్టే ప్రమాదం ఉంది. ఈ వారం పగలు, వచ్చే వారం రాత్రి అని షిఫ్ట్ తిరుగుతూ ఉంటే ఆ శరీరానికి నిలకడ ఉండదు. అందుకే డాక్టర్లు ‘ఒకే పగటి షిఫ్ట్ ఇవ్వండి’ అని రాసిస్తారు. అప్పుడు ఆఫీసు వైపు నుంచి వచ్చే మాట, ‘అందరూ తిరుగుతున్నారు కదా, ఒక్కరికే ఇస్తే ఎలా?’ ఆ మాటలో నిజం లేకపోలేదు. ఒకరు రాత్రి తప్పుకుంటే ఆ రాత్రి ఇంకొకరి నెత్తిన పడుతుంది. పక్క సీటులో ఉన్నవాళ్లు మూడు నెలలకే గొణగడం మొదలుపెడతారు, ఆ గొణుగుడు చివరికి చేరేది ఆ జబ్బు మనిషి దగ్గరికే. నా ఉద్దేశంలో ఈ భారం సంస్థ మోయాలి, పక్కవాళ్ల మీదికి నెట్టకూడదు. రాత్రి షిఫ్ట్ ఇష్టపడి చేసేవాళ్లకి అలవెన్స్ పెంచాలి, లేదా ఇంకొకరిని తీసుకోవాలి. ఆ లెక్క వేయకుండా ‘మీలో మీరు సర్దుకోండి’ అని వదిలేసే మేనేజర్ ఒకరికి మేలు చేస్తున్నానని అనుకుంటూ ఇద్దరికి కీడు చేస్తున్నాడు.

డిప్రెషన్‌లో ఏకాగ్రత, జ్ఞాపకం సన్నగిల్లుతాయి. నోటితో చెప్పిన ఐదు పనుల్లో రెండు మాత్రమే గుర్తుంటాయి. మీటింగ్ అయ్యాక మూడు లైన్ల మెయిల్ పంపితే ఆ ఐదూ అవుతాయి. ఇది అందరికీ పనికొచ్చే అలవాటు కూడా. స్కిజోఫ్రీనియా నుంచి కోలుకుంటూ పనికి వస్తున్న మనిషికి నలుగురు నాలుగు రకాలుగా పనులు చెప్పడం కష్టంగా ఉంటుంది. చెప్పేది ఒక్కరే అయితే, మార్పులు ఒకరోజు ముందే తెలిస్తే, కూర్చునే చోట రొద తక్కువ ఉంటే, ఆ మనిషి రోజు గడుపుకుని పోగలడు. నెల రోజులు ఆస్పత్రిలో ఉండి వచ్చినవాళ్లకి మొదటి సోమవారమే మూడు వందల మెయిళ్లు, పాత టార్గెట్ అప్పగించకూడదు. మొదట సగం పూట, తర్వాత ముప్పాతిక పని, ఆ తర్వాత మొత్తం. కాలు విరిగినవాడిని కట్టు విప్పిన రోజే పరిగెత్తించం కదా.

మంచి మనసుతో చేసే కొన్ని మార్పులు జబ్బుని పెంచుతాయి కూడా. ఈ సంగతి గురించి పెద్దగా మాట్లాడుకోం. ఓసీడీ ఉన్న ఉద్యోగి ఒక మెయిల్ పంపే ముందు పాతికసార్లు చదువుతాడు. ‘సరిగ్గానే ఉందా?’ అని పక్కవాళ్లని రోజుకి పదిసార్లు అడుగుతాడు. పాపం అని పదిసార్లూ ‘బాగుంది’ అని చెబుతూ పోతే అనుమానానికి మేత వేసినట్టే అవుతుంది. దానికన్నా, ఎక్కడితో పని అయిపోయినట్టో ముందే రాసిపెట్టిన చెక్‌లిస్ట్, చివర ఒకే ఒక్కసారి ఇంకొకరి సంతకం మేలు. నలుగురి ముందు మాట్లాడాలంటే గుండె దడ వచ్చే మనిషిని ఎప్పటికీ ప్రెజెంటేషన్ల నుంచి తప్పించినా ఇంతే. ఆ పూటకి ఊరట, ఏడాదికి భయం రెట్టింపు. ముందు ముగ్గురి ముందు, తర్వాత ఎనిమిది మంది ముందు అని మెట్లు వేస్తే నయం. అందుకే శాశ్వతంగా తప్పించమనే కోరిక వచ్చినప్పుడు, చికిత్స చేసేవాళ్లు ఏమంటున్నారో ఆ ఉద్యోగి ద్వారానే కనుక్కోవడం మంచిది.

ఇవన్నీ జరగాలంటే ఉద్యోగి నోరు తెరిచి చెప్పాలి. నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టేది ఈ ముడే. చెప్పకపోతే సర్దుబాటు రాదు. చెబితే ఏం వస్తుందో తెలియదు. మన ఊళ్లలో మాటల్లోనే ఉంది చూడండి. ఎర్రగడ్డలో ఉన్నది వేల మందికి చికిత్స చేసే ప్రభుత్వ మానసిక ఆస్పత్రి. కానీ హైదరాబాద్‌లో ‘ఎర్రగడ్డకి పంపాలి వీణ్ని’ అనడం తిట్టు. పొద్దున క్యాంటీన్‌లో ఆ మాట విని నవ్విన మేనేజర్ దగ్గరికి మధ్యాహ్నం వెళ్లి ‘నాకు సైకియాట్రిస్ట్ దగ్గర చికిత్స జరుగుతోంది’ అని ఎవరు చెప్పగలరు? పెళ్లి సంబంధాలు చూస్తున్న వయసు వాళ్లయితే ఇంకా కష్టం. ఆఫీసులో తెలిసింది ఊరిదాకా పోతుందేమోనని భయం. భీమవరం వాళ్లో, వరంగల్ వాళ్లో పక్క టీమ్‌లో ఎవరో ఒకరు ఉండనే ఉంటారు.

నేను చెప్పగలిగిందల్లా, చెప్పడం అంటే అంతా చెప్పడం అక్కర్లేదని. డాక్టర్ ఇచ్చే ఉత్తరంలో జబ్బు పేరు లేకుండా కూడా పని జరుగుతుంది: ‘వీరు నా దగ్గర చికిత్స తీసుకుంటున్నారు. రాబోయే ఆరు నెలలు రాత్రి షిఫ్ట్ లేకుండా, పని మొదలు 10.30 తర్వాత ఉండేలా చూడాలి.’ చాలా సర్దుబాట్లకి ఇంతే చాలు. ఉద్యోగంలో రిజర్వేషన్ కోసమో, వికలాంగుల సర్టిఫికెట్ ఆధారంగా వచ్చే ప్రయోజనం కోసమో అయితే జబ్బు పేరు చెప్పక తప్పదు. ఎవరికి చెప్పాలన్నది కూడా ఆలోచించుకోవాల్సిన సంగతే. కొన్ని ఆఫీసుల్లో హెచ్ఆర్ కన్నా నేరుగా పని చూసే మనిషి నయం, కొన్నిచోట్ల దీనికి తలకిందులు. ఏదైనా నోటితో చెప్పాక అదే రోజు ఒక చిన్న మెయిల్ రాసి పెట్టుకోవాలి. మేనేజర్ మారితే మాట మాయమవుతుంది, మెయిల్ ఉంటుంది.

విన్నవాళ్ల బాధ్యత ఇంకా బరువైనది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్స వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కు రోగికి ఇచ్చింది. డాక్టర్ కాపాడిన రహస్యాన్ని మేనేజర్ టీ తాగుతూ బయటపెట్టేస్తే ఆ హక్కుకి అర్థం ఉండదు. ‘ఆమెకెందుకు ఆలస్యంగా లాగిన్?’ అని టీమ్ అడుగుతుంది, అడగడం సహజం. ‘ఆ ఏర్పాటు నేనూ ఆమే మాట్లాడుకుని చేసుకున్నాం. మీకెప్పుడైనా అవసరమైతే మీ సంగతి కూడా ఇలాగే నా దగ్గరే ఉంటుంది’ అంటే చాలు.

ప్రవర్తన దగ్గర వ్యవహారం ఇంకా జటిలం. జబ్బు వల్ల జరిగిన తప్పుకి శిక్ష వేయవచ్చా? దీని మీద 2021 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మన దేశంలో చాలా ముఖ్యమైనది. కేంద్ర పోలీసు దళం సీఆర్‌పీఎఫ్‌లో ఒక అధికారికి ఓసీడీ, డిప్రెషన్ ఉన్నాయి. మాట, ప్రవర్తన బాగాలేవని ఆయన మీద క్రమశిక్షణ చర్యలు మొదలుపెట్టారు. మానసిక వైకల్యం ఉన్న మనిషికి పనిచోటి నియమాలు పాటించడం మిగతావాళ్లకన్నా కష్టం కాబట్టి, క్రమశిక్షణ చర్యల్లో చిక్కుకునే అవకాశం కూడా ఆ మనిషికే ఎక్కువ అని కోర్టు గుర్తించింది. వైకల్యమే ఏకైక కారణమని నిరూపించక్కర్లేదు, కారణాల్లో అది ఒకటైనా సరే, అలాంటి చర్య వివక్ష కిందికి వస్తుందని చెప్పి ఆ చర్యలను కొట్టేసింది. ఉన్న పనికి ఆయన సరిపోరని తేలితే, జీతం తగ్గకుండా వేరే పోస్టు ఇమ్మంది. అదే సమయంలో, ఆయుధాలతో పనిలేని పోస్టులో పెట్టే వీలు కూడా సంస్థకి ఇచ్చింది. రెండు వైపులా భద్రత చూసిన తీరు నాకు ఇందులో నచ్చింది.

దీని అర్థం ఏం చేసినా చెల్లుతుందని కాదు. సహోద్యోగినిని వేధించినవాడు డిప్రెషన్ చీటీ చూపించి తప్పించుకోలేడు, తప్పించుకోకూడదు. ఆ ఉద్యోగానికి ప్రాణం లాంటి పనిని ఎన్ని మార్పులు చేసినా చేయలేకపోతే, ఆ పోస్టులోనే ఉంచమని అడగడం కుదరదు. కానీ అక్కడికి చేరే ముందు మార్పులు చేసి చూశారా అన్నది ప్రశ్న. మార్కులు తగ్గాయని పనితీరు నోటీసు చేతిలో పెట్టి, మూడు నెలలు గడువిచ్చి, ఆ మూడు నెలల్లో ఒక్క మార్పూ చేయకుండా చివర బయటికి పంపడం చాలాచోట్ల జరుగుతోంది. ఆలస్యాల వెనుక ఏముందో అడగకుండా నేను చేసింది కూడా దానికి తమ్ముడి లాంటిదే.

చట్టం ఎవరిని ఎంతవరకు కాపాడుతుందో కూడా సూటిగా చెప్పుకోవాలి. 1995 నాటి పాత చట్టం మానసిక అనారోగ్యాన్ని వైకల్యాల జాబితాలో చేర్చింది గానీ ఉద్యోగాల కోటాలో చోటివ్వలేదు. 2016 చట్టం ప్రభుత్వ ఉద్యోగాల్లోని 4 శాతం రిజర్వేషన్‌లో ఒక శాతాన్ని ఆటిజం, మేధో వైకల్యం, అభ్యసన వైకల్యం, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్లకి కలిపి ఇచ్చింది. దానికి కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ కావాలి. మన దగ్గర సదరం సర్టిఫికెట్ అని అలవాటైనదీ, ఇప్పుడు యూడీఐడీ కార్డుగా వస్తున్నదీ అదే. మానసిక జబ్బుకి ఈ శాతం కట్టడానికి ఐడియాస్ అనే కొలమానం వాడతారు. తన పనులు తాను చేసుకోవడం, మనుషులతో మెలగడం, మాట్లాడి అర్థం చేసుకోవడం, ఉద్యోగం లేదా ఇంటిపని, ఈ నాలుగింటికి మార్కులు వేసి, జబ్బు ఎన్నేళ్లుగా ఉందో కలుపుతారు. అయితే ఈ 40 శాతం గీత రిజర్వేషన్ లాంటి వాటికే. సర్దుబాటు అడిగే హక్కుకి ఆ గీత అడ్డు కాదని 2021 ఫిబ్రవరిలో ఒక సివిల్స్ అభ్యర్థి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

ప్రభుత్వ ఉద్యోగి అయితే రక్షణ గట్టిగానే ఉంది. సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు, అదే జీతంతో చేయగల పోస్టులోకి మార్చాలి. 2025 ఆగస్టులో తెలంగాణ ఆర్టీసీ డ్రైవర్ కేసులో ఈ సూత్రమే నిలబడింది. రంగులు గుర్తించలేడని ఇంటికి పంపిన మనిషికి, వేరే పోస్టు చూసి ఇవ్వాల్సిన బాధ్యత మీదేనని కోర్టు సంస్థకి చెప్పింది. అది కంటికి సంబంధించిన కేసే. అయినా కండక్టర్‌కో టీచర్‌కో బైపోలార్ వచ్చినప్పుడు అడగాల్సిన ప్రశ్న కూడా ఇదే.

ప్రైవేటు ఉద్యోగికి అంత బలం లేదు. సమాన అవకాశాల విధానం ఒకటి రాసి ప్రకటించాలని చట్టం అన్ని సంస్థలకీ చెప్పింది. ఇరవై మంది, అంతకు మించి ఉన్న ప్రైవేటు సంస్థ అందులో తామిచ్చే సౌకర్యాలేమిటో రాయాలి, చూసుకోవడానికి ఒక అధికారిని పెట్టాలి. ఈ కాగితం ఉందా అని మీ హెచ్ఆర్‌ని అడగండి. చాలామంది ఎప్పుడూ అడిగి ఉండరు. ఇక కాంట్రాక్టు మీద, ఔట్‌సోర్సింగ్ మీద పనిచేసేవాళ్ల దగ్గర ఈ మాటలన్నీ నీళ్లలో రాతలే. రేపు రావద్దు అంటే అయిపోయె. చట్టం తర్వాత చూడాల్సింది వీళ్ల వైపే.

ఖర్చు మాట. అమెరికాలో జాబ్ అకామడేషన్ నెట్‌వర్క్ అనే సంస్థ ఏళ్ల తరబడి యజమానులని అడుగుతూ వస్తోంది. అక్కడ జరిగిన సర్దుబాట్లలో సగానికి అటూఇటూగా పైసా ఖర్చు లేనివే. ఏమీ చేయకపోతే మాత్రం ఖర్చుంది. డిప్రెషన్, యాంగ్జయిటీల వల్ల ప్రపంచంలో ఏటా 1,200 కోట్ల పనిదినాలు పోతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. బీమా సంగతి కూడా చూసుకోవాలి. శరీర జబ్బులకి ఇచ్చినట్టే మానసిక జబ్బులకీ బీమా ఇవ్వాలని 2017 చట్టంలో ఉంది. కానీ ఆస్పత్రిలో చేరకుండా వాడే మందులు, కౌన్సెలింగ్ ఫీజు చాలా గ్రూప్ పాలసీల్లోకి రావు. ఈ జబ్బుల్లో ఎక్కువ ఖర్చు అక్కడే. సంస్థ పాలసీ కొనేటప్పుడే ఆ ఒక్క వాక్యం చేర్పించవచ్చు. ఎవరితోనూ చెప్పుకోలేని స్థితిలో ఉన్నవాళ్లకి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416 ఉంది. తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

ఆ అమ్మాయి వెళ్లిపోయాక ఆరేడేళ్లకి, వేరే ఆఫీసులో, మా టీమ్‌లో ఒకతను వరసగా మూడు డెడ్‌లైన్లు తప్పాడు. ఈసారి మెయిల్ రాయలేదు. గదిలో కూర్చోబెట్టి ‘ఏమైందని అడగను. పని ఎక్కడ ఆగుతోందో చెప్పండి, ఏం మారిస్తే సాగుతుందో ఇద్దరం చూద్దాం’ అన్నాను. ఐదు నిమిషాలు మౌనంగా ఉన్నాడు. తర్వాత, మధ్యాహ్నం మీటింగ్ అయ్యాక రెండు గంటలు ఏమీ చేయలేకపోతున్నానని, రాత్రిళ్లు నిద్ర ఉండటం లేదని చెప్పాడు. జబ్బు పేరు చెప్పలేదు. కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకున్నాం: మధ్యాహ్నం మీటింగ్ పొద్దుటికి మార్చాలి, రాత్రి తొమ్మిది తర్వాత ఎవరూ ఫోన్ చేయకూడదు, గురువారం సాయంత్రం ఐదింటికి వెళ్లిపోవచ్చు, ఆరు వారాల తర్వాత మళ్లీ కూర్చుని చూడాలి. ఆరు వారాలకి కూర్చున్నాం. మీటింగ్ సంగతి కుదిరింది, ఫోన్ల సంగతి కుదరలేదు. ఆ రెండోదాన్ని కొట్టేసి, కొత్తగా ఇంకోటి రాశాం.